లోడు పికప్ ఘాట్‌లో వేడెక్కుతోంది: థర్మోస్టాట్ తీసేయాలా, కమాన్ పట్టీ ఎక్కించాలా?

చీనీ_లోడు · అనంతపురం

అన్నలకు నమస్కారం. బీఎస్4 పికప్, కామన్ రైల్ డీజిల్, టర్బో ఉంది, మీటరు 1,42,000. ఆర్సీ ప్రకారం లోడు టన్నున్నర. చీనీకాయలతో బెంగళూరు, అప్పుడప్పుడు రాయచోటి మీదుగా కడప. ఖాళీగా పోతే సూది సగం దాటదు. లోడుతో ఎత్తు ఎక్కితే ముప్పావుకు పోతుంది, దిగుడులో మళ్లీ సగానికి వస్తుంది. కూలెంట్ వారానికి పావు లీటరు తగ్గుతోంది, కింద చుక్క కనబడదు. బండి వెనకవైపు కాస్త కుంగింది.

మెకానిక్ రెండు పనులు చెప్పాడు. ఎండాకాలం కాబట్టి థర్మోస్టాట్ తీసేయడం, వెనక కమాన్ కట్టలకు (స్ప్రింగు పట్టీల కట్టలకు) చెరొక పట్టీ ఎక్కించడం. రెండూ చేయించొచ్చా? ఈ ఎండలు దాటేలోగా ఇంకేం చూసుకోవాలి?

హైవే44 · గుత్తి

రెండూ వద్దు తమ్ముడూ. ముందు థర్మోస్టాట్ సంగతి.

అది నీళ్లకు అడ్డం పెట్టిన బిరడా అని మనోళ్లు అనుకుంటారు. కాదు, అది దారి మార్చే తలుపు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను బైపాస్‌లో ఇంజన్ లోపలే తిప్పుతాది. వేడెక్కినాక రేడియేటర్ దారి తెరుస్తాది, చాలా డీజిల్ ఇంజన్లలో అదే కదలికతో బైపాస్ దారి మూస్తాది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటాది. నీళ్లకు రేడియేటర్ కంటే బైపాస్ సులువు దారి. అంటే సగం నీళ్లు చల్లారకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతాయి. చదును రోడ్డు మీద సూది కిందనే ఉంటాది, బాగైందనుకుంటాం. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు, సరిగ్గా మనకు కావాల్సిన చోట, ఇంకా ఎక్కువ వేడెక్కుతాది.

అనుమానం ఉంటే పీకి పరీక్ష చేయి, పారేయొద్దు. దాని మీద డిగ్రీలు కొట్టి ఉంటాయి, 82 అనో 88 అనో. గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీయి, అడుగుకు తగలకూడదు. వేడి కొలిచే కడ్డీ పక్కన పెట్టి కాగబెట్టు. కొట్టిన డిగ్రీ దగ్గర కదలడం మొదలుపెట్టాల, ఇంకో 10, 13 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాల. తెరుచుకున్న సందు 8 మిల్లీమీటర్లకు తక్కువుంటే మార్చేయి. చల్లారినాక పూర్తిగా మూసుకోకపోయినా మార్చాల్సిందే. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయి. దాంట్లో గాలి పోయే చిన్న పిన్ను ఉంటాది, అది పైవైపుకు రావాల. కిందికి పెడితే గాలి ఇరుక్కొని మళ్లీ ఇదే కథ.

రాతి_బండి · ఎర్రగుంట్ల

హైవే44 అన్నా, మా వైపు నాపరాళ్లు తోలే బండ్లు చానా వరకు థర్మోస్టాట్ లేకుండానే తిరుగుతాండాయి. ఏండ్ల తరబడి ఏమీ కాలేదు గదా?

హైవే44 · గుత్తి

పాత బండ్లలో వెంటనే ఏమీ కనబడదు, అందుకే ఆ అలవాటు పోలేదు. నష్టం మెల్లగా వస్తాది. ఇంజన్ 80 డిగ్రీలకు చేరకపోతే డీజిల్ పూర్తిగా కాలదు. మసి ఆయిల్‌లో కలుస్తాది. కాలేటప్పుడు పుట్టే తేమ ఆవిరై పోకుండా సంపులోనే, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోనే, నిలిచి ఆయిల్‌ను చెడగొడతాది. రింగులు, లైనర్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతాది. కామన్ రైల్ బండిలో ఇంకో సంగతి ఉంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సార్ చెప్తాంటే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) డీజిల్ లెక్క మార్చేస్తాది. బీఎస్6 బండిలో ఐతే ఇంజన్ సరిపడా వేడెక్కలేదని చెప్పే పి0128 కోడ్ పడే వీలుంది, పైగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రం చేసుకునే పని మొదలే కాదు.

గ్రీజు_గన్ · కడప

ఖాళీగా సరిగ్గా ఉండి లోడుతోనే వేడెక్కుతోందంటే ఇంజన్ పుట్టించే వేడిని రేడియేటర్ గాలికి ఇవ్వలేకపోతోందని అర్థం. థర్మోస్టాట్ మూసుకొని ఇరుక్కుపోతే సాధారణంగా ఖాళీ బండికీ వేడెక్కుతుంది. కాబట్టి కింది వరుసలో చూడండి. ఖర్చులేనివి ముందు పెట్టాను.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, తెల్లవారుజామునైతే మేలు, రేడియేటర్ మూత తీయండి. మూత లోపలి రబ్బరు పగిలిందా, స్ప్రింగు ఒత్తితే గట్టిగా తిరిగొస్తోందా, మధ్యలోని చిన్న వాల్వు కదులుతోందా చూడండి. ఆ మూత ఉత్త కప్పు కాదు. 0.9 బార్ అని రాసిన మూత ఒత్తిడిని నిలబెట్టడం వల్ల నీళ్లు మరిగే వేడి సుమారు 20 డిగ్రీలు పైకి పోతుంది. సగం సగం కలిపిన కూలెంట్ మామూలు ఒత్తిడిలో 106, 107 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత ఒత్తిడి వదిలేస్తుంటే ఘాట్‌లో మరిగి ఆవిరై పోతుంది, కింద చుక్క పడదు. మీ పావు లీటరు అక్కడే పోతుండొచ్చు. మూత మార్చేటప్పుడు పాతదాని మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ అంకె మూత పెడితే పాత హోస్ పైపులు, హీటర్ పైపులు పగులుతాయి.

రెండోది రేడియేటర్‌కు, ఇంటర్‌కూలర్‌కు (టర్బో గాలిని చల్లార్చేది) మధ్యనున్న సందు. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. మట్టి, పురుగులు, ఎండుటాకులు, శనక్కాయల పొట్టు ఆ రెంటి నడుమ దుప్పటిలా పేరుకుంటాయి. ఇంటర్‌కూలర్ బోల్టులు విప్పి కాస్త ముందుకు జరిపి, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెట్టి కొట్టారంటే రెక్కలు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఒకటిన్నర అడుగు దూరం, నేరుగా, వాలుగా కాదు.

మూడోది ఫ్యాన్. మీ బండికి విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి పట్టు పెంచుకునేది) ఉంటే, ఇంజన్ ఆపి, వేడిగా ఉన్నప్పుడు రెక్కను చేత్తో తిప్పండి. తాళం చేతిలో పెట్టుకునే ఈ పని చేయాలి. వేడి ఇంజన్‌కు ఫ్యాన్ బరువుగా, అర చుట్టు కూడా తిరగకుండా ఆగాలి. గాలిమరలా తిరిగిందంటే లోపలి సిలికాన్ ఆయిల్ పోయింది. మధ్యలో నల్లటి జిడ్డు గీతలుగా చిమ్మి ఉంటే అదే సాక్ష్యం. లోడుతో మెల్లగా ఎత్తు ఎక్కేటప్పుడు గాలి ఈ ఫ్యాన్ నుంచే రావాలి. ఖాళీగా 70 వేగంతో పోయేటప్పుడు ఎదురుగాలే చాలు. మీ లక్షణాలు నూటికి తొంభై వంతులు ఇటే చూపిస్తున్నాయి.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కప్పు పగిలినా, విప్పి పక్కన పడేసినా ఇదే ఫలితం. ఫ్యాన్ గాలి రేడియేటర్ గుండా లాగకుండా పక్క నుంచి తిరుగుతుంది.

నాలుగోది కింది హోస్ పైపు. ఇంజన్‌ను రేజ్ చేసి పట్టుకున్నప్పుడు ఆ పైపు నొక్కుకుపోతుంటే మార్చాలి. పంపు లాగే వైపు అది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై హోస్ రాయిలా గట్టిపడితే, లేదా రేడియేటర్ నోటి దగ్గర ఆగకుండా బుడగలు వస్తుంటే అనుమానించండి. నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. కూలెంట్ పైనున్న గాలిని ఆ ద్రవంలోకి లాగితే, పొగ గాలి కలిసి ఉంటే అది ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) ఉన్న బండైతే దాని లోపలి చీలిక వల్ల కూడా కూలెంట్ పోతుంది, అది సైలెన్సర్ గుండా తెల్లటి ఆవిరిగా వెళ్లిపోతుంది కాబట్టి నేల మీద ఆనవాలు ఉండదు.

నల్లరేగడి · ఆదోని

నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. మన వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఏం పేరుకుంటుందో చూసే ఉంటారు. రేడియేటర్ గొట్టాల్లో, సిలిండర్ హెడ్ చుట్టూ అదే పేరుకుంటుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. కొందరు కాలువ నీళ్లు పోస్తారు, అదీ అంతే.

కడిగి నింపే పద్ధతి: కింద కుళాయి తెరిచి పాతది దించండి. డీఎం వాటర్‌తో (లవణాలు తీసేసిన నీళ్లు) నింపి, ఇంజన్ థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి దించండి. తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయాలి. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. ఎంత దించినా బ్లాకులో రెండు మూడు లీటర్ల నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ తర్వాత ముందే కలిపిన కూలెంట్ పోస్తే అది పలచబడిపోతుంది. అందుకే గాఢంగా ఉండే కూలెంట్ కొని, మాన్యువల్‌లో మొత్తం 10 లీటర్లని ఉంటే ముందు 5 లీటర్లు అదే పోసి, మిగతాది డీఎం వాటర్‌తో నింపాలి. వేరే రంగు, వేరే రకం కూలెంట్ కలపొద్దు. కొన్ని కలిస్తే జెల్లీ లాగా గడ్డకడుతుంది. రంగు చూసి రకం పోల్చుకోకండి, డబ్బా మీద రాసింది చూడండి.

నింపేటప్పుడు బండి ముందు చక్రాలు గట్టు మీద పెడితే గాలి సులువుగా పోతుంది. హీటర్ ఉంటే పూర్తి వేడి మీద పెట్టండి.

వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోయడం మాత్రం ఎప్పటికీ చేయొద్దు. హెడ్ పగిలేది, వంగేది అప్పుడే. సూది ఎర్రగీతకు పోతే పక్కకు ఆపి, గేరు తీసి, ఇంజన్ ఐడిల్‌లో రెండు నిమిషాలు తిరగనివ్వండి. కూలెంట్ మొత్తం పోయి ఉంటేనే వెంటనే ఆపాలి.

చీనీ_లోడు · అనంతపురం

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆదివారం మూత, సందు, ఫ్యాన్ చూసి రాస్తాను. పట్టీ సంగతి చెప్పలేదు. వెనక కుంగినట్టుంది, బ్రేకు కొడితే లోడు మీద కాస్త ఊగుతోంది.

పానా_పెట్టె · తాడిపత్రి

పట్టీ ఎక్కిస్తే బండి లేస్తాది, బండి మోసే బరువు మాత్రం పెరగదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ పాతవే గదా.

దానికంటే పెద్ద ప్రమాదం బ్రేకులో ఉంది. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కు, ఛాసిస్‌కు మధ్య ఒక కడ్డీ, దానికి ఒక వాల్వు ఉంటాయి. లోడు పడి వెనక కుంగితే ఆ కడ్డీ వాల్వును తిప్పి వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడి ఎక్కువ ఇస్తాది. ఖాళీగా ఉంటే తక్కువిస్తాది, లేకుంటే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతాది. అదనపు పట్టీ ఎక్కిస్తే టన్నున్నర లోడు మీద కూడా వెనక ఎత్తుగానే ఉంటాది. వాల్వు బండి ఖాళీ అనుకొని వెనక బ్రేకు తగ్గించేస్తాది. బరువంతా వెనక, బ్రేకంతా ముందు. ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, ఘాట్ దిగేటప్పుడు మండిపోతాయి. పట్టీ మార్చిన ప్రతిసారీ ఆ కడ్డీని మాన్యువల్ కొలత ప్రకారం సర్దాల. సర్దే వర్క్‌షాపులు తక్కువ, ఆ కడ్డీని తీగతో కట్టేసిన బండ్లు మాత్రం చాలా.

ఇంకొకటి, వెనక లేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు మారతాది. బండి కదిలేటప్పుడు వణుకు, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరగడం, క్రాస్ (షాఫ్ట్ కీలు) అరగడం అన్నీ ఆ వెనకే వస్తాయి.

కుంగిందన్నావు గదా, అది కొలిచి చెప్పు. చదును నేల మీద ఖాళీ బండి నిలిపి, వెనక చక్రం మధ్య నుంచి తొట్టి అంచు దాకా రెండు వైపులా టేపు పెట్టు. రెంటికీ 15 మిల్లీమీటర్లు దాటి తేడా ఉంటే ఒకవైపు పట్టీ విరిగి ఉండొచ్చు. పట్టీలు విరిగేది ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, యూ బోల్టు కింద, కంటికి కనబడని చోట. బ్రష్షుతో మట్టి రాల్చి టార్చి వేసి చూడు. తుప్పు గీత అడ్డంగా కనబడితే అది చీలికే.

విరిగింది మార్చేటప్పుడు అదే మందం, అదే వంపు. రెండువైపుల కట్టలూ కలిపి చేయించు. యూ బోల్టులు, నట్లు కొత్తవే వేయి. పాత యూ బోల్టు ఒకసారి సాగినాక మళ్లీ అంత బిగువు పట్టదు. నాలుగు నట్లూ ఎదురెదురు కొంచెం కొంచెం బిగించి, చివరి బిగువు లోడుతో ఉన్నప్పుడు టార్క్ పానాతో పెట్టు. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ. ఈ రెండోసారి బిగించడం మర్చిపోతే యూ బోల్టు వదులై, సెంటర్ బోల్టు తెగి, యాక్సిల్ వెనక్కి జరుగుతాది. ఊగడానికి అది కూడా కారణం కావొచ్చు. షాకిల్ (కట్టను ఛాసిస్‌కు కలిపే కొక్కెం) బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కూడా చూసుకో.

రాతి_బండి · ఎర్రగుంట్ల

లోడు లెక్క విషయంలో మా రాతి బండ్ల వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. కాటా వేయకుండానే బరువు తెలుసుకోవచ్చు. నాపరాయి ఘనపు మీటరుకు 2.6, 2.7 టన్నులు తూగుతాది. అంగుళం మందం రాయి చదరపు అడుగుకు దగ్గర దగ్గర ఆరుంపావు కిలోలు, 20 మిల్లీమీటర్ల పలక ఐదు కిలోలకు కాస్త తక్కువ. అంటే టన్నున్నర బండికి అంగుళం రాయి 240 అడుగులకే నిండిపోతాది. తొట్టిలో అడుగు ఎత్తు కూడా రాదు, చూసేదానికి ఖాళీగా కనిపిస్తాది. అందుకే ఇంకో వంద అడుగులు వేస్తారు, అదే ఆరు క్వింటాళ్ల ఎక్కువ లోడు.

చీనీ లోడు అన్నకు ఇంకో మాట. ఆర్సీలో ఖాళీ బండి బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి. తేడా మొత్తం సరుకుకే అనుకోకూడదు. తొట్టికి ఎక్కించిన అదనపు ఇనుప కమ్మీలు, టార్పాలిన్, తాళ్లు, హమాలీ అన్నీ దాంట్లో నుంచే పోవాల. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో ఎక్కువ లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా రాసి ఉంది. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా మనదే.

బరువు పెట్టే చోటు కూడా ముఖ్యం. వెనక యాక్సిల్‌కు కాస్త ముందుగా బరువు కేంద్రం రావాల. డోరు దగ్గర పేరిస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తేలిపోతాది, ముందు బ్రేకుకు పట్టు దొరకదు.

గ్రీజు_గన్ · కడప

రాయచోటి నుంచి కడప వైపు గువ్వలచెరువు ఘాట్ దిగేవాళ్లు బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు చేసుకోండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరుగుతుంది. డాట్ 4 కొత్తది 230, తేమ పట్టాక 155. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పడి పెడల్ నేలకు పోతుంది. అందుకే రెండేళ్లకు ఒకసారి పూర్తిగా మార్చాలి, తగ్గినంత పోయడం సరిపోదు. గాలి తీసే వరుస: మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరిది చివర. ఏబీఎస్ ఉన్న బండైతే మాన్యువల్ చెప్పిన వరుస, అవసరమైతే స్కానర్.

ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత మాట ఇప్పటికీ నిజం. బ్రేకు మీద కాలు ఆనించి దిగకూడదు. గట్టిగా ఒకసారి కొట్టి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ. అలా చేస్తే డ్రమ్ములకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందని అనుకుంటారు. కామన్ రైల్ బండిలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఐడిల్‌కు కావాల్సినంత కాలుతూనే ఉంటుంది.

ఘాట్ ఎక్కి ఆగినప్పుడు ఇంజన్‌ను వెంటనే కట్టేయొద్దు. టర్బో బేరింగ్‌లో ఉన్న ఆయిల్ అక్కడే మాడి గట్టిపడుతుంది. ఒకటి రెండు నిమిషాల ఐడిల్ చాలు.

నల్లరేగడి · ఆదోని

రేగడి పొలాల్లోకి దిగే బండ్లకు ఒక జాగ్రత్త. ఆ మట్టి చక్రం లోపలి అంచుకు పట్టి ఎండితే బ్యాలెన్స్ పోయి స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందని డబ్బు తగలేస్తారు. డ్రమ్ములోకి చేరిన మట్టి లైనింగును ఉలిలా గీరేస్తుంది. వానాకాలం ప్రతి పది, పదిహేను రోజులకు చక్రాల లోపల కడగాలి. కడిగిన వెంటనే గ్రీజు కొట్టించాలి, పాత గ్రీజుతో పాటు నీళ్లూ బయటికి వస్తాయి. ప్రొపెల్లర్ క్రాస్‌లు, స్లిప్ జాయింట్, షాకిల్ పిన్నులు అన్నీ చూడాలి. క్రాస్‌కు నాలుగు బేరింగు గిన్నెల నుంచీ కొత్త గ్రీజు కనబడాలి. మూడింటి నుంచే వస్తే నాలుగోది ఎండిపోతున్నట్టు.

సైలెన్సర్ · కర్నూలు

మీరంతా బీఎస్4 గురించే మాట్లాడుతున్నారు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండికి డీపీఎఫ్ లైటు పదేపదే వెలుగుతోంది. పగలంతా మార్కెట్ యార్డు చుట్టుపక్కలే తిరుగుడు. ఆయిల్ గేజీ కడ్డీ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కూడా ఉంది. తగ్గాలి గానీ పెరగడమేంటి?

పానా_పెట్టె · తాడిపత్రి

అన్నా, ఆ పెరిగింది డీజిల్. డీపీఎఫ్‌లో పట్టిన మసిని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ చిమ్మి పొగ వేడిని 600 డిగ్రీల దగ్గరికి తీసుకుపోతాది. ఆ పని మధ్యలో నువ్వు ఇంజన్ ఆపేస్తే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా సంపులోకి దిగుతాది. పదిసార్లు అట్ల జరిగితే ఆయిల్ నీళ్లలా ఐపోతాది. మట్టం పై గీత దాటితే కిలోమీటర్లతో పని లేకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చు. అట్లనే నడిపితే బేరింగులు పోతాయి, ఒక్కోసారి ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి ఆగకుండా పరిగెత్తుతాది.

లైటు పడితే హైవే ఎక్కి 20 నిమిషాలు, నాలుగో గేరులో ఇంజన్ 2,000 తిరుగుళ్ల పైన పెట్టి ఆపకుండా పో. ఆ పని నడుస్తున్నప్పుడు గానీ అయిన వెంటనే గానీ కళ్లంలో శనక్కట్టె మీదనో ఎండుగడ్డి మీదనో నిలపొద్దు, అంటుకుంటాది. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే. మామూలు ఆయిల్ కాలి మిగిల్చే బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటే ఎన్నిసార్లు కాల్చినా పోదు.

డీఈఎఫ్ (పొగను శుద్ధి చేయడానికి చిమ్మే ద్రవం) ట్యాంకు ఉన్న బండైతే ఇంకో మాట. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు. సబ్సిడీ యూరియా మొత్తానికి వేపనూనె పూత ఉంటాది, పైగా దాన్ని అట్ల వాడటం చట్టరీత్యా నేరం. ఆ నూనె, మలినాలు నాజిల్‌ను, పొగను శుద్ధి చేసే ఎస్‌సీఆర్‌ను మూసేస్తాయి. డీఈఎఫ్ డబ్బాలు కూడా నీడలో పెట్టు. 25 డిగ్రీల దగ్గర ఏడాదిన్నర నిలిచేది 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలకే చెడుతాది. మన రేకుల షెడ్డులో మేనెల వేడికి అదీ నిలవదు.

హైవే44 · గుత్తి

డీజిల్ ఫిల్టర్ గురించి అందరికీ ఒక హెచ్చరిక. పాత పంపు బండ్లలో గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లం. కామన్ రైల్‌లో ఆ పని చేయొద్దు. ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతాది, చిమ్మిన డీజిల్ తోలు చీల్చుకొని ఒంట్లోకి పోతాది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడుతాది. అట్లయితే నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాల, చేతులు తీసేయాల్సి వచ్చే గాయం అది.

గాలి తీసేది ఫిల్టర్ మీదున్న చేతిపంపుతోనే. గట్టిపడేదాకా ఒత్తి, అప్పుడు సెల్ఫ్ కొట్టు. కొత్త ఫిల్టర్‌లో క్యాన్‌తో డీజిల్ పోసి బిగించడం కూడా మంచిది కాదు. వడకట్టని డీజిల్ శుభ్రమైన వైపు పడితే నేరుగా పంపుకూ ఇంజెక్టర్లకూ పోతాది. ఫిల్టర్ అడుగున నీళ్లు దించే మర నెలకోసారి విప్పు, డ్రమ్ముల డీజిల్ పోసేవాళ్లయితే వారానికోసారి.

రాతి_బండి · ఎర్రగుంట్ల

ఇంజన్ ఆయిల్ ఎన్ని వేలకు మార్చాల? మాన్యువల్‌లో రాసిందానికి సగానికే మార్చమంటారు కొందరు, దుడ్లు దండగ గదా.

నల్లరేగడి · ఆదోని

మాన్యువల్‌లోనే కఠినమైన వాడకం అని వేరే వరుస ఉంటుంది, అది చదవండి. క్వారీ దుమ్ము, పూర్తి లోడు, ఘాట్, నలభై దాటిన ఎండ అన్నీ ఆ కిందికే వస్తాయి. అక్కడ రాసిన దానికే మార్చండి, అంతకంటే ముందు అవసరం లేదు.

నా లెక్కలో దుమ్ము రోడ్ల మీద ఆయిల్ కంటే ఎయిర్ ఫిల్టర్ ముఖ్యం. లోపలి నుంచి బయటికి 2 బార్‌కు మించని గాలితో ఊదాలి. నేలకేసి కొడితే కాగితం మడతలు చీలుతాయి. ఫిల్టర్ తర్వాతి పైపు లోపల వేలు పెట్టి చూడండి. వేలికి దుమ్ము అంటిందంటే క్లిప్పో రబ్బరో లీకవుతోంది. ఆ దుమ్ములోని ఇసుక టర్బో రెక్కలను, రింగులను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

పానా_పెట్టె · తాడిపత్రి

గేర్ ఆయిల్ మార్చేటప్పుడు నింపే మర ముందు విప్పి, అది వచ్చినాకే దించే మర విప్పు. నింపేది తుప్పుపట్టి రాకపోతే ఖాళీ గేర్ బాక్సుతో నిలబడతావు. గేర్ బాక్సుకు చెప్పింది జీఎల్-4 రకం ఆయిల్ ఐతే వెనక యాక్సిల్ హౌసింగ్‌లో పోసే జీఎల్-5 దాంట్లో పోయొద్దు, ఇత్తడి సింక్రో రింగులు పాడైతాయి.

చీనీ_లోడు · అనంతపురం

ఆదివారం చూసినవి: మూత రబ్బరు చీలి ఉంది. ఇంటర్‌కూలర్ వెనక అరంగుళం మందం మట్టి, ఆకులు. వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ రెండు చుట్లు సులువుగా తిరిగింది, మధ్యలో నల్ల జిడ్డు గీతలు కూడా ఉన్నాయి. వెనక ఎడమవైపు 22 మిల్లీమీటర్లు తక్కువ, రెండో పట్టీ సెంటర్ బోల్టు దగ్గర చీలింది.

సందు కడిగి, మూత, విస్కస్ ఫ్యాన్ మార్చాను. థర్మోస్టాట్ గిన్నెలో పెడితే 83 దగ్గర కదిలి 94కు పూర్తిగా తెరుచుకుంది, అదే మళ్లీ బిగించాను. పూర్తి లోడుతో పెనుకొండ దాటేదాకా సూది సగం మీదే ఉంది. కట్టలు రెండూ ఈ వారం. టైర్ల గాలి వేడిగా ఉన్నప్పుడు 55 నుంచి 63కు పోయింది, వదిలేయాలా?

గ్రీజు_గన్ · కడప

వదలొద్దు. 55 పీఎస్ఐ టైరులో ప్రతి 10 డిగ్రీలకు రెండు, రెండున్నర పీఎస్ఐ పెరగడం సహజం. వేడిగా ఉన్నప్పుడు తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. అప్పుడు పక్క గోడలు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కి పేలుతాయి. మధ్యాహ్నం పేలే టైర్లలో ఎక్కువ భాగం గాలి తక్కువైనవే. తెల్లవారి చల్లటి టైరుకు, లోడుకు చెప్పిన అంకె పెట్టండి. పరుగు మీద పాతిక శాతం పైన పెరిగితే అప్పుడు గాలి తక్కువో లోడు ఎక్కువో చూసుకోవాలి. టైరు పక్కన నాలుగు అంకెలు కూడా చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. జంట కలిపేటప్పుడు ఒకే యాక్సిల్‌కు ఒకే అరుగుదల ఉన్నవే వేయండి.

కట్టలు వేయించాక 500 కిలోమీటర్లకు యూ బోల్టులు బిగించడం మర్చిపోకండి. బెంగళూరు ఒక ట్రిప్పు పోయొస్తే ఆ దూరం దాదాపు నిండుతుంది, దిగగానే పానా పెట్టండి.